గురువు, శిక్షకుడు, అధికారం: క్రీడాశిక్షణకు సామాజిక, సాంస్కృతిక సిద్ధాంతాల అన్వయం – పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రీడాశిక్షణను చాలాకాలంపాటు శరీరధర్మశాస్త్రం, జీవయాంత్రికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం అనే మూడు శాస్త్రాల పరిధిలోనే అధ్యయనం చేశారు. రెండు దశాబ్దాలకు పైగా గోఫ్‌మన్, ఫూకో, బూర్దియూ మొదలైన సామాజిక సిద్ధాంతకర్తల భావనల ఆధారంగా శిక్షణను ఒక సామాజిక సంబంధంగా చూసే అధ్యయనాలు వెలువడుతున్నాయి. ఈ భావనలు తెలుగు ప్రాంతాల క్రీడాశిక్షణను అర్థం చేసుకోవడానికి ఎంతవరకు తోడ్పడతాయో, ఎక్కడ చాలవో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏకలవ్యోపాఖ్యానం, పుల్లెల గోపీచంద్ – పి.వి. సింధుల శిక్షణానుబంధం ఇందుకు ప్రధాన ఆధారాలు. పతకం శిక్షణాపద్ధతికి న్యాయనిర్ణేత కాజాలదని, శిక్షణ పొందేవారికి ప్రశ్నించే, విడిచివెళ్లే అవకాశం ఉండడమే సరైన కొలమానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రీడాశిక్షణ, గురుభావన, క్రమశిక్షణాధికారం, ప్రతీకాత్మక హింస, భావోద్వేగ శ్రమ, ఏకలవ్యుడు, బ్యాడ్మింటన్, హైదరాబాదు.

1. ప్రవేశిక:

ఒక క్రీడాకారిణి ఒలింపిక్ పతకం గెలిచినప్పుడు ఆమె పేరుతోపాటు ఆమె గురువు పేరు కూడా పత్రికలకెక్కుతుంది. తెల్లవారకముందే లేవడం, ఇష్టమైన తిండి మానుకోవడం, పండుగలకు పబ్బాలకు దూరంగా ఉండడం, గురువు మాట జవదాటకపోవడం వంటి వివరాలు ఆ కథనాలలో తరచూ కనిపిస్తాయి. ఇవన్నీ విజయానికి కారణాలుగా పేర్కొంటారు. అదే దినచర్యను అంతే నిష్ఠతో పాటించి పతకం దాకా రాలేకపోయినవారి గురించి ఎవరూ రాయరు. దీనివల్ల శిక్షణాపద్ధతిలోని మంచిచెడ్డలు ఫలితాన్ని చూసిన తర్వాతనే నిర్ణయమవుతాయి. గెలిస్తే కాఠిన్యం క్రమశిక్షణ అనిపించుకుంటుంది. గెలవకపోతే దాని ఊసే ఉండదు.

ఈ ఆలోచనావిధానం వల్ల ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడుతుంది. శిక్షణ ఇద్దరు మనుషుల మధ్య, ఒక సంస్థలో, ఒక సమాజంలో జరిగే వ్యవహారం. ఎవరి శరీరం మీద ఎవరికి అధికారం ఉంది, ఆ అధికారం ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎవరు ఎందుకు అంగీకరిస్తున్నారు అన్న ప్రశ్నలు మైదానంలోనూ ఉంటాయి. వీటికి స్టాప్‌వాచీ, హృదయస్పందన పట్టిక సమాధానం చెప్పలేవు. సామాజిక, సాంస్కృతిక సిద్ధాంతాల అవసరం ఏర్పడేది ఇక్కడే.

2. శిక్షణాధ్యయనంలో సామాజిక సిద్ధాంతం:

నిపుణుడు తనకు తెలిసిన నైపుణ్యాన్ని తెలియనివారికి అందించడమే శిక్షణ అన్నది లోకంలో స్థిరపడిన అభిప్రాయం. రాబిన్ జోన్స్, కాథ్లీన్ ఆర్మర్, పాల్ పోట్రాక్ 2004లో వెలువరించిన 'స్పోర్ట్స్ కోచింగ్ కల్చర్స్' అనే గ్రంథం ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించింది. అగ్రశ్రేణి శిక్షకుల జీవితానుభవాలను సేకరించి, వాటిని సామాజిక భావనలతో కలిపి చదివింది. 2005లో జోన్స్, మైక్ వాలెస్ రాసిన వ్యాసం మరో అడుగు ముందుకు వేసింది. శిక్షకుడి పనిలో లక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగవని, పరిస్థితులన్నీ అతని చేతిలో ఉండవని చెప్పి, అతన్ని సర్వాధికారిగా కాక, వాద్యబృందాన్ని కనిపెట్టుకుంటూ నడిపించే నిర్వాహకుడిగా చూపింది. 2011 నాటికి జోన్స్, పోట్రాక్, క్రిస్ కుషన్, లార్స్ టోర్ రోంగ్లాన్ సంపాదకత్వంలో క్రీడాశిక్షణ సమాజశాస్త్రం మీద ఒక ప్రత్యేక సంకలనమే వచ్చింది.

ఈ ధోరణిలోని రెండు అధ్యయనాలు ఇక్కడ ప్రస్తావించదగినవి. మొదటిది 2006లో కుషన్, జోన్స్ ప్రచురించినది. ఇంగ్లండులోని ఒక వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బు యువజట్టును వారు దగ్గరగా పరిశీలించి, 'ఆల్బియన్' అనే మారుపేరుతో ఆ క్లబ్బు గురించి రాశారు. అక్కడి శిక్షకులు కుర్రవాళ్లతో కటువుగా మాట్లాడేవారు. కుర్రవాళ్లు దాన్ని అన్యాయంగా భావించి తిరగబడలేదు. ఆటలో అది సహజమేననుకుని, జట్టులో తమ చోటు కాపాడుకోవడానికి మౌనంగా భరించారు. అణచివేతకు గురయ్యేవారే దాన్ని సహజంగా స్వీకరించే ఈ స్థితిని బూర్దియూ 'ప్రతీకాత్మక హింస' అన్నాడు.

రెండవది 2007లో జిమ్ డెనిసన్ రాసిన వ్యాసం. ఒక పరుగుపందెంలో తన శిష్యుడు ఆశించినట్టు రాణించకపోతే, అతనికి మనోబలం చాలలేదని డెనిసన్ మొదట భావించాడు. తర్వాత ఫూకోను దృష్టిలో ఉంచుకుని అదే సంఘటనను పునఃపరిశీలించాడు. నిమిషనిమిషానికీ లెక్కగట్టి నడిపిన శిక్షణే ఆ యువకుణ్ణి చెప్పినది చేసే యంత్రంగా మార్చి, పందెంలో సొంతంగా స్పందించే శక్తిని హరించి ఉండవచ్చన్న నిర్ణయానికి వచ్చాడు. ఇక్కడ సిద్ధాంతం చేసిన పని స్పష్టంగా కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో వెతికే చూపును అది శిష్యుడి మనసునుంచి శిక్షణాపద్ధతి మీదికి మళ్లించింది.

3. పిలుపులోని అధికారం:

పై అధ్యయనాలు ప్రధానంగా పాశ్చాత్య క్రీడావ్యవస్థల నేపథ్యంలో పుట్టినవి. వాటిని తెలుగు సందర్భానికి అన్వయించేముందు ఇక్కడ శిక్షకుణ్ణి ఏమని పిలుస్తారో గమనించాలి. పిలుపులోనే సంబంధస్వభావం ఉంటుంది.

ప్రాచీనాంధ్రంలోని 'ఒజ్జ' ఉపాధ్యాయశబ్దభవం. చదువు చెప్పేవాడికీ, విద్య నేర్పేవాడికీ ఆ మాట చెల్లింది. ఉస్తాద్ శబ్దంనుంచి వచ్చిన 'వస్తాదు' తాలింఖానాకు పెద్ద. కుస్తీ, కర్రసాము నేర్పే వస్తాదుకు తన పేటలో మాట చెల్లుబాటు ఉండేది. అతని అధికారం తాలింఖానా గోడలు దాటి వీధిలోకీ వచ్చేది. వలసపాలనలో పాఠశాలలతోపాటు 'డ్రిల్లు మాస్టారు' వచ్చాడు. సైనికశిక్షణనుంచి వచ్చిన డ్రిల్లు వరుసలో నిలబడడం, ఈలకు కదలడం, ఆజ్ఞకు ఆగడం నేర్పింది. వీరఘట్టంలో పుట్టి మల్లయోధుడిగా ప్రసిద్ధికెక్కిన కోడి రామమూర్తినాయుడు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వస్తాదుల సంప్రదాయమూ, డ్రిల్లు మాస్టారి ఉద్యోగమూ ఒకే మనిషిలో కలిసిన సందర్భమది. ఆ తర్వాత పి.ఇ.టి., కోచ్ వచ్చారు. నేటి అకాడమీలలో వినిపించే పిలుపు 'సర్'.

ఈ మాటలన్నిటికీ పైన గొడుగులా నిలిచిన మాట 'గురువు'. కోచ్ అన్నది ఉద్యోగం. దానికి జీతం, ఒప్పందం, గడువు ఉంటాయి. గురుత్వానికి గడువు లేదు. ఆంగ్లభాషలోని శిక్షణాధ్యయనాలలో శిక్షకుడు ఆటగాళ్ల గౌరవాన్ని రోజురోజుకూ సంపాదించుకోవలసి వస్తుంది; గోఫ్‌మన్ భావనలు అక్కడ ఎక్కువగా వినియోగపడడానికి కారణమదే. తెలుగులో గురుశబ్దం ఆ గౌరవంలో అధికభాగాన్ని ముందుగానే చేతిలో పెడుతుంది. గురువును ప్రశ్నించడం సాంకేతికమైన అభిప్రాయభేదంగా మిగలదు. అది నైతికలోపంగా మారుతుంది. పాశ్చాత్య సిద్ధాంతాన్ని ఇక్కడ అన్వయించేవారు మొదట గుర్తించవలసిన తేడా ఇది.

4. ఏకలవ్యోపాఖ్యానం – శిక్షణాసిద్ధాంతంగా:

గురుభావనకు సంబంధించి భారతీయ సాహిత్యంలో అత్యంత నిశితమైన కథనం ఆదిపర్వంలోని ఏకలవ్యోపాఖ్యానం. నన్నయ తెలుగు చేసిన భాగంలో ఉండడంవల్ల తెలుగు సాహిత్యంలో ఇది తొలినాళ్లనుంచీ ఉంది. దీనిని గురుభక్తికి ఉదాహరణగా చెప్పడం పాతపద్ధతి. కులవివక్షకు ఉదాహరణగా చదవడం ఆధునిక పద్ధతి. క్రీడాశిక్షణ దృష్టితో చదివినప్పుడు ఇందులో మరికొన్ని అంశాలు కనిపిస్తాయి.

ద్రోణుడు కురువంశం పోషణలో ఉన్న శిక్షకుడు. ఎవరికి నేర్పాలన్నది అతని ఇష్టంతోపాటు అతణ్ణి నియమించినవారి ప్రయోజనం మీద కూడా ఆధారపడి ఉంటుంది. నిషాదరాజు కుమారుణ్ణి అతడు చేర్చుకోకపోవడంలో ఈ సంస్థాగత కారణం ఉంది. అర్జునుణ్ణి సాటిలేని విలుకాణ్ణి చేస్తానని ద్రోణుడు మాట ఇచ్చాడు. తిరస్కృతుడు అర్జునుణ్ణి మించిపోయినప్పుడు ఆ మాటకు, దానితోపాటు రాజకుటుంబంలో తన స్థానానికి ముప్పు వచ్చింది. బొటనవేలు అడగడం వెనుక వ్యక్తిగతమైన క్రూరత్వంకంటే క్షేత్రనియమమే ఎక్కువగా కనిపిస్తుంది. 'క్షేత్రం' అన్న బూర్దియూ భావన ఇక్కడ బాగా పొసగుతుంది.

ఏకలవ్యుడి మట్టిబొమ్మ మరింత ఆలోచింపజేస్తుంది. గురువు లేడు, గురువు చూపు మాత్రం ఉంది. ఆ చూపు కింద శిష్యుడు తనను తానే దిద్దుకున్నాడు. చూసేవాడు లేకపోయినా చూస్తున్నాడన్న భావనతో మనిషి తనను తాను అదుపులో ఉంచుకునే తీరును 1975నాటి గ్రంథంలో ఫూకో కారాగారనిర్మాణం ఆధారంగా వివరించాడు. అయితే ఏకలవ్యుడి విషయంలో ఒక భేదం ఉంది. ఆ చూపును అతడే మట్టితో చేసుకున్నాడు. దానివల్ల గొప్ప విద్య పొందాడు. అధికారం అణచడమే కాదు, సామర్థ్యాన్ని సృష్టిస్తుంది కూడా అన్న ఫూకో మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఆ సామర్థ్యాన్నే చివరకు దక్షిణగా కోల్పోవడం, అదీ వెనుకాడకుండా ఇచ్చి కోల్పోవడం ప్రతీకాత్మక హింసకు పరాకాష్ఠ.

1985లో కేంద్రప్రభుత్వం శిక్షకులకు ఇచ్చే అత్యున్నత పురస్కారాన్ని ద్రోణాచార్యుడి పేరుమీద నెలకొల్పింది. పి.టి. ఉష శిక్షకుడు ఓ.ఎం. నంబియార్ తొలి గ్రహీతలలో ఒకరు. కర్ణాటక ప్రభుత్వం క్రీడాకారులకు ఇచ్చే పురస్కారానికి ఏకలవ్యుడి పేరు పెట్టింది. ఇద్దరి పేర్లూ గౌరవవాచకాలయ్యాయి. వారిద్దరి మధ్య జరిగిన సంఘటన మాత్రం పురస్కారభాషలో కనిపించదు. ఒక సమాజం తన శిక్షణాసంబంధాలలో దేన్ని స్మరించి దేన్ని మరుస్తుందో ఈ పేర్లు తెలుపుతున్నాయి.

5. ఒక సందర్భం – మూడు పఠనాలు:

2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ మహిళల సింగిల్స్ తుదిపోరులో పి.వి. సింధు కరోలినా మారిన్ చేతిలో 21-19, 12-21, 15-21 తేడాతో ఓడి రజతపతకం పొందారు. ఆ తర్వాత శిక్షకుడు పుల్లెల గోపీచంద్ చెప్పిన విషయాలు పత్రికలలో విస్తృతంగా వచ్చాయి. మూడు నెలలపాటు సింధు దగ్గర ఫోను లేదని, ఇక దాన్ని తిరిగి ఇచ్చేస్తానని ఆయన అన్నారు. ఆమెకు ఇష్టమైన తీపి పెరుగు, ఐస్‌క్రీము మాన్పించానని, ఇప్పుడు తినవచ్చని అన్నారు. అంతకుముందరి శిక్షణకాలానికి చెందిన మరో సంఘటన కూడా ప్రచారంలోకి వచ్చింది. కోర్టులో మౌనంగా ఆడే సింధును అకాడమీలో అందరిముందు నిలబెట్టి బిగ్గరగా అరవమన్నారని, అరవకపోతే రాకెట్టు పట్టనివ్వనన్నారని ఆ కథనం. ఈ వివరాలను ప్రజలు ముచ్చటగా చదువుకున్నారు. వీటినే మూడు సిద్ధాంతాల సాయంతో చదివితే మూడు వేరువేరు చిత్రాలు వస్తాయి.

5.1. గోఫ్‌మన్, హోక్‌షీల్డ్:

మనుషులు ఇతరుల ఎదుట తమను తాము ప్రదర్శించుకునే తీరును గోఫ్‌మన్ రంగస్థల పరిభాషలో వివరించాడు. ఈ దృష్టితో చూస్తే బ్యాడ్మింటన్‌లో అరుపు ప్రత్యర్థికోసం చేసే ప్రదర్శన. ఆట ఎంత బాగున్నా, ముఖంలోనూ గొంతులోనూ జంకు కనిపిస్తే ప్రత్యర్థి దాన్ని పసిగడుతుంది. గోపీచంద్ ఆమెకు ఒక పాత్రను నేర్పుతున్నారు. అకాడమీ కోర్టు ఆ పాత్రకు సాధనశాల.

ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ప్రతిపాదించిన 'భావోద్వేగ శ్రమ' భావన దీనికి మరో కోణం చేరుస్తుంది. విమానపరిచారికలు ఉద్యోగంలో భాగంగా చిరునవ్వును ఉత్పత్తి చేయవలసి రావడాన్ని ఆమె అధ్యయనం చేశారు. సింధు విషయంలో శిక్షకుడు కోరినది దీనికి విపర్యయం. ఆడపిల్ల గొంతు పెంచకూడదన్న పెంపకం బలంగా ఉన్న సమాజంలో ఒక యువతిని అందరిముందు అరవమనడం ఒక క్రమశిక్షణను మరో క్రమశిక్షణతో బద్దలు కొట్టడం. ఇది విముక్తే. అయితే ఆజ్ఞమీద వెలువడిన అరుపు ప్రత్యర్థిని ఉద్దేశించినది. శిక్షకుణ్ణి ఉద్దేశించి గొంతు విప్పే స్వేచ్ఛ అందులో భాగమా అన్న ప్రశ్నను ఈ పఠనం మిగులుస్తుంది.

5.2. ఫూకో:

ఫూకో దృష్టిలో క్రమశిక్షణ కాలాన్ని, స్థలాన్ని, శరీరాన్ని చిన్నచిన్న భాగాలుగా విభజించి నియంత్రిస్తుంది. అకాడమీ దినచర్య, ఆహారనియమం, నిద్రవేళలు, బయటి ప్రపంచంతో సంబంధం ఇవన్నీ ఆ నియంత్రణలోకి వస్తాయి. ఫోను తీసుకోవడానికి ఏకాగ్రత కారణంగా చెప్పవచ్చు. కాని ఫోను బయటివారితో మాట్లాడే దారి కూడా. 21 ఏళ్లు నిండిన క్రీడాకారిణికి ఆ దారిని తెరిచే, మూసే అధికారం శిక్షకుడి చేతికి రావడం, దాన్ని సమాజం ఆనందంతో స్వీకరించడం గమనించదగిన విషయాలు.

అదే సమయంలో ఈ క్రమశిక్షణవల్ల ఏర్పడిన సామర్థ్యాన్ని తక్కువచేసి చూడకూడదు. క్వార్టర్ ఫైనల్లో వాంగ్ యిహాన్‌ను, సెమీఫైనల్లో నొజోమీ ఒకుహారాను ఓడించిన ఆట ఆ శిక్షణలోనే రూపుదిద్దుకుంది. సాధనను సింధు ఎవరి బలవంతంవల్లనో కాక తన లక్ష్యంకోసం స్వీకరించారు. ఏకలవ్యుడి మట్టిబొమ్మలాగానే ఇక్కడ కూడా నియంత్రణ, సంకల్పం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూపడం ఫూకో పద్ధతికి సాధ్యం కాదు.

5.3. బూర్దియూ:

ఈ సంబంధం ఏ క్షేత్రంలో, ఏ మూలధనాలతో నడిచిందన్నది బూర్దియూ అడిగే ప్రశ్న. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, అర్జున పురస్కార గ్రహీత. శిక్షకుడి కాఠిన్యాన్ని ఎంతవరకు సమర్థించాలో, ఎక్కడ అడ్డుచెప్పాలో తెలిసిన ఇల్లు అది. సికింద్రాబాదు ప్రాంతంనుంచి గచ్చిబౌలి దాకా కూతుర్ని రోజూ తీసుకువెళ్లడానికి కావలసిన సమయాన్ని, ఓపికను ఆ కుటుంబం సమకూర్చుకోగలిగింది. శిక్షణ ఫలించడంలో ఈ మూలధనం వాటా తక్కువేమీ కాదు.

గోపీచంద్ వైపు చూస్తే ప్రతీకాత్మక మూలధనం అపారం. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. శీతలపానీయం ప్రకటనలో నటించడానికి నిరాకరించారు. అకాడమీకోసం సొంత ఇంటిని తాకట్టు పెట్టారు. ఆయనకు శిక్షణనిచ్చిన ఎస్.ఎం. ఆరిఫ్ 2000లో ద్రోణాచార్య పురస్కారం పొందగా, ఆయన 2009లో అదే పురస్కారం అందుకున్నారు. ఇతరులనుంచి కోరిన త్యాగాన్ని ముందు తాను చేసిన మనిషి మాటకు వచ్చే బరువు ఇది. ఆయన ఆజ్ఞ ఆజ్ఞగా కనిపించకపోవడానికి కారణం ఈ మూలధనమే.

హైదరాబాదు క్రీడాక్షేత్రం ఎప్పుడూ ఇలాగే లేదు. ఉపాధ్యాయవృత్తినుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. 1950నుంచి 1963లో మరణించేవరకు భారత ఫుట్‌బాల్ శిక్షకుడిగా ఉండి 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోస్థానం సాధించారు. నాటి ఆటగాడికి ఆటద్వారా లభించే ప్రధాన భద్రత పోలీసుశాఖవంటి సంస్థలలో ఉద్యోగం. నేటి బ్యాడ్మింటన్ అకాడమీలో ప్రభుత్వం కేటాయించిన స్థలం, దాతల విరాళం, ప్రాయోజకుల ధనం, పతకం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. శిక్షకుడి అధికారం ఈ ముడినుంచి కూడా పుడుతుంది. వ్యక్తుల స్వభావాల మీదనే దృష్టి నిలిపే కథనాలకు ఇది అందదు.

6. అన్వయంలోని పరిమితులు:

పై పఠనాలు శిక్షణాసంబంధాన్ని లోతుగా చూపినప్పటికీ, ఈ అన్వయంలో మూడు పరిమితులు ఉన్నాయి.

మొదటిది పేరుమార్పిడి. కఠినశిక్షణను 'క్రమశిక్షణాధికారం' అని, పలుకుబడిని 'ప్రతీకాత్మక మూలధనం' అని రాసినంతమాత్రాన కొత్త విషయం తెలియదు. డెనిసన్ వ్యాసానికి విలువ వచ్చింది ఫూకో పేరువల్ల కాదు. ఆ చదువు శిక్షకుడి నిర్ణయాన్ని మార్చడంవల్ల. ఏ అన్వయమైనా ముందు కనిపించని దేన్నో చూపినప్పుడే సార్థకం.

రెండవది సంస్కృతిభేదం. జోసఫ్ ఆల్టర్ 1992నాటి 'ద రెజ్లర్స్ బాడీ' గ్రంథంలో కాశీ అఖాడాలను అధ్యయనం చేశాడు. అక్కడి మల్లుడికి పాలు, నెయ్యి, బ్రహ్మచర్యం, గురుసేవ ఇవన్నీ ఒక సంపూర్ణ జీవనాదర్శంలో భాగాలు. కర్మాగారంలోనో సైనికశిబిరంలోనో పుట్టిన క్రమశిక్షణతో ఆ ఆదర్శాన్ని సమానం చేస్తే వస్తాదుల సంప్రదాయం అర్థంకాదు. తెలుగు తాలింఖానాల చరిత్రను రాసేవారికి కూడా ఈ జాగ్రత్త అవసరం.

మూడవది, అధికారాన్ని మాత్రమే చూడడం. లోయిక్ వాకాంట్ 1988లో చికాగో నల్లజాతివారి పేటలోని ఒక బాక్సింగ్ జిమ్‌లో తానే శిష్యుడిగా చేరి రాసిన 'బాడీ అండ్ సోల్' గ్రంథంలో జిమ్ కఠినస్థలమే. కాని వీధిలోని హింసనుంచి యువకులను కాపాడే ఆశ్రయం కూడా అదే. వృద్ధశిక్షకుడు డీడీ ఆర్మర్ నియమాలలో ఆ రక్షణ ఉంది. శిక్షకుడి మందలింపులో అధికారంతోపాటు సంరక్షణ కూడా ఉండగలదని ఒప్పుకోని సిద్ధాంతం అనుభవానికి దూరమవుతుంది.

ఈ మూడవ పరిమితి మరో చిక్కుకు దారితీస్తుంది. కాఠిన్యంలో సంరక్షణ ఉండవచ్చునంటే, ఏ కాఠిన్యం సంరక్షణ, ఏది హింస అన్నది ఎలా తేల్చాలి? శిక్షకుడి ఉద్దేశం కొలమానం కాలేదు. ద్రోణుడికి కూడా తన ఉద్దేశాలు ఉన్నాయి. శిష్యుడి అంగీకారమూ చాలదు, ఏకలవ్యుడు అంగీకరించాడు. మిగిలేది పతకం. కాని పతకం గెలిచినవారి కథను మాత్రమే చెబుతుంది. బ్రిటన్‌లో జిమ్నాస్టిక్స్ శిక్షణపై ఆన్ వైట్ 2022లో సమర్పించిన విచారణనివేదిక ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. ఆ విచారణకు 400కు పైగా వాఙ్మూలాలు వచ్చాయి. శారీరకంగా, మానసికంగా పిల్లలను బాధపెట్టే పద్ధతులు అక్కడ వ్యవస్థాగతంగా ఉన్నాయని నివేదిక తేల్చింది. అదే కాలంలో ఆ క్రీడలో బ్రిటన్ ఒలింపిక్ పతకాలు గెలుస్తూనే ఉంది. పతకాల జాబితానుబట్టి ఆ హింసను ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు.

7. నిష్క్రమణ, స్వరం, విధేయత:

ఈ చిక్కు తీరడానికి శిక్షణాధ్యయనాలలో తరచుగా కనిపించే సిద్ధాంతకర్తలను దాటి చూడాలి. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో సంస్థలలోని సభ్యుల స్పందనలను మూడు మాటలతో వివరించాడు: నిష్క్రమణ, స్వరం, విధేయత. సంస్థ తీరు నచ్చనివారు విడిచిపోవచ్చు, లేదా గొంతు విప్పవచ్చు. విధేయత నిష్క్రమణను వాయిదా వేస్తుంది. మామూలుగా అలా ఆగినవారు లోపలే గొంతు విప్పి సంస్థను సరిదిద్దవచ్చునని హిర్ష్‌మన్ భావించాడు. గురుభావన బలంగా ఉన్నచోట ఈ క్రమం తలకిందులవుతుంది. అక్కడ విధేయత నిష్క్రమణను ద్రోహంగా, స్వరాన్ని ధిక్కారంగా మారుస్తుంది. రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి.

హైదరాబాదు బ్యాడ్మింటన్ చరిత్రలోనే నిష్క్రమణకు ఉదాహరణలున్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన సైనా నెహ్వాల్ 2014లో గోపీచంద్‌ను విడిచి బెంగళూరులో విమల్ కుమార్ వద్ద చేరారు. 2015లో ప్రపంచ అగ్రస్థానం అందుకున్నారు. 2017లో తిరిగి గోపీచంద్ అకాడమీకి వచ్చారు. సింధు కూడా టోక్యో ఒలింపిక్స్‌కు ముందు అకాడమీని విడిచి గచ్చిబౌలి స్టేడియంలో కొరియా శిక్షకుడు పార్క్ తే-సాంగ్ వద్ద సాధన చేసి 2021లో కాంస్యం గెలిచారు. ఈ మార్పుల సమయంలో పత్రికలు వీటిని గురుశిష్యుల మధ్య 'విభేదాలు'గా రాశాయి. అంతర్జాతీయ క్రీడలో శిక్షకులను మార్చుకోవడం మామూలు విషయం. దాన్ని కుటుంబకలహంలా చదవడం గురుభావన ప్రభావమే. విడిచివెళ్లిన శిష్యురాలు తిరిగివస్తే అకాడమీ తలుపు తెరిచే ఉండడం మాత్రం ఆ అకాడమీ గురించి ఏ పతకమూ చెప్పలేని మంచిని చెబుతుంది.

అయితే ఈ ఇద్దరూ విడిచివెళ్లగలగడానికి కారణం వారి చేతిలోని మూలధనం. ఒలింపిక్ పతకం, ప్రాయోజకులు, అండగా నిలిచే కుటుంబం వారికున్నాయి. ప్రభుత్వ క్రీడాపాఠశాల హాస్టల్‌లో ఉండే పన్నెండేళ్ల బాలికకు ఇవేవీ లేవు. ఆమెకు అన్నం, చదువు, పడక, జట్టులో చోటు అన్నీ ఒకే తాటిమీద ఉంటాయి. ఆ తాడు కొస శిక్షకుడి చేతిలో ఉంటుంది. ఇంటికి తిరిగి వెళ్లడమంటే చదువు కూడా ఆగిపోవడం. ఆ బాలిక మౌనాన్ని అంగీకారంగా పరిగణించడానికి వీల్లేదు. 2012నాటి పోక్సో చట్టం పిల్లల విషయంలో నమ్మకం లేదా అధికారం గల స్థానంలో ఉన్నవారి నేరాన్ని మరింత తీవ్రంగా పరిగణించడం ఈ అసమానతను గుర్తించడమే. 2023 జనవరిలో అగ్రశ్రేణి మహిళామల్లులు సమాఖ్య అధ్యక్షుడిపై లైంగికవేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ వద్ద బైఠాయించినప్పుడు, ఒలింపిక్, ప్రపంచ పతకాలున్నవారు సైతం గొంతు వినిపించడానికి వీధికి రావలసివచ్చింది. పతకం లేనివారి స్థితి దీన్నిబట్టి ఊహించవచ్చు.

శిక్షణాసంబంధాన్ని అంచనా వేయడానికి ఈ చర్చనుంచి కొన్ని ప్రశ్నలు ఏర్పడతాయి. చెప్పిన సాధన ఎందుకు చేయాలో శిష్యురాలు అడగగలదా? అడిగితే జట్టులో ఆమె చోటుకు ముప్పు వస్తుందా? శిక్షకుడితో సంబంధంలేని మరొకరికి ఆమె ఫిర్యాదు చేయగలదా? శిక్షకుణ్ణి మార్చుకున్నా ఆమె చదువు, వసతి నిలుస్తాయా? వీటికి సమాధానం అనుకూలంగా ఉన్నచోట కాఠిన్యం శిక్షణలో భాగమవుతుంది. ప్రతికూలంగా ఉన్నచోట మృదువైన మాట కూడా నిర్బంధమే.

8. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. సామాజిక, సాంస్కృతిక సిద్ధాంతాలు క్రీడాశిక్షణను నైపుణ్యాల బదిలీగా కాక అధికారంతో కూడిన మానవసంబంధంగా చూపుతాయి. లోపాన్ని శిష్యుడిలోనే వెతికే అలవాటును అవి ప్రశ్నిస్తాయి.

2. తెలుగు సందర్భంలో గురుభావన శిక్షకుడికి ముందుగానే గౌరవాన్ని కల్పిస్తుంది. పాశ్చాత్య భావనలను అన్వయించేటప్పుడు ఒజ్జ, వస్తాదు, డ్రిల్లు మాస్టారు, కోచ్ అన్న పరంపరను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

3. ఏకలవ్యోపాఖ్యానం క్షేత్రం, అంతర్గతమైన చూపు, ప్రతీకాత్మక హింస అనే మూడు భావనలనూ ఒకేచోట చూపుతున్నది. దానిని శిక్షణాసిద్ధాంతానికి ఆకరంగా స్వీకరించవచ్చు.

4. గోపీచంద్ – సింధుల అనుబంధంలో నియంత్రణ, సంరక్షణ, స్వీయసంకల్పం కలగలిసి ఉన్నాయి. ఏ ఒక్క సిద్ధాంతమూ దానిని పూర్తిగా వివరించలేదు.

5. శిక్షకుడి ఉద్దేశం, శిష్యుడి అంగీకారం, పతకం ఇవేవీ శిక్షణాపద్ధతి న్యాయాన్యాయాలను తేల్చలేవు. ప్రశ్నించే స్వరానికి, నిష్క్రమణకు ఉన్న అవకాశమే ఇందుకు తగిన కొలమానం.

తెలుగు రాష్ట్రాలలోని క్రీడాపాఠశాలలు, వసతిగృహాలు, తాలింఖానాలు, ప్రైవేటు అకాడమీల మీద ఈ కొలమానంతో క్షేత్రపరిశోధనలు జరగవలసి ఉంది. అటువంటి పరిశోధనలలో పతకం గెలిచినవారి మాటలతోపాటు మధ్యలో ఆట మానేసినవారి మాటలను కూడా సేకరించాలి. శిక్షణాపద్ధతి గురించి వారికి తెలిసినంతగా విజేతలకు తెలియకపోవచ్చు.